చలిగాలిలో బండి ప్రయాణం

అక్కలారా, చెల్లెళ్ళారా!

మనలో కొందరు స్కూటీ నడుపుతున్నారు. ఎక్కువ మంది మోటారు సైకిలు మీద వెనక కూర్చుంటారు. ఒళ్ళో బిడ్డ ఉంటుంది. చేతిలో సంచి ఉంటుంది. బండి నడిపేది వేరేవాళ్ళు. మరి వెనక కూర్చున్న మనం చెయ్యగలిగింది ఏమీ లేదా? ఉంది. చలికాలంలో అయితే చాలా ఉంది. అదేమిటో ఈ పాఠంలో చదువుదాం. ముందు ఒక ఇంటి సంగతి చూద్దాం.

ఆ తెల్లవారుజాము

మెదక్ జిల్లాలో శివ్వంపేట మండలం ఉంది. దానికి ఒక పక్క నర్సాపూర్, ఇంకో పక్క తూప్రాన్. ఆ మండలంలోని ఒక ఊళ్ళో ఒక కుటుంబం ఉందనుకుందాం.

అది జనవరి నెల. సంక్రాంతి దగ్గర పడింది. కోడలు పుట్టింటికి పోవాలి. ఆమెకు పది నెలల ఆడబిడ్డ. పుట్టిల్లు తూప్రాన్ అవతల ఉంది. పెనిమిటి కంపెనీలో పని చేస్తాడు. పొద్దున్నే డ్యూటీ ఎక్కాలి. పోతూ పోతూ భార్యను దించి పోతానన్నాడు. ఐదు గంటలకే బండి బయటికి తీశాడు.

అత్తమ్మ వాకిట్లోకి వచ్చింది. బయట మంచు కురుస్తున్నది.

"ఇంత చలిల పసిపిల్లను ఎట్ల తీస్కపోతవు కొడకా? పొద్దెక్కినంక నేను బస్సుకు ఎక్కిస్త" అన్నది.

"ఏం గాదమ్మా. గిట్ల పోయి గట్ల దించుత" అన్నాడు కొడుకు.

కోడలికి కూడా మనసులో భయమే. కానీ ఏమీ అనలేదు. బిడ్డకు స్వెటర్ తొడిగి తువ్వాలు చుట్టింది. తను శాలువా కప్పుకున్నది. ఆయన పల్చని అంగీ మీద స్వెటర్ వేసుకున్నాడు. చేతులకు ఏమీ వేసుకోలేదు.

ఊరు దాటారు. చెరువు కింది పొలాల నడుమకు వచ్చారు. గాలి కత్తిలా కోసింది. స్వెటర్ లోంచి సూదుల్లా గుచ్చింది. బిడ్డ ఏడ్చింది. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది. నిద్రపోయిందని తల్లి అనుకున్నది.

ఇంతలో ఒక బర్రె రోడ్డు మీదికి వచ్చింది. ఆయన చూశాడు. బ్రేకు పట్టబోయాడు. వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. పట్టు దొరకలేదు. బండి రోడ్డు దిగి కంకర మీద ఊగిపోయింది. కాలి బ్రేకు తొక్కి, ఎట్లనో నిలబెట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అప్పుడు ఆమె నోరు తెరిచింది.

"ఇంటున్నవా? ఇగ నేను బండి ఎక్క. ముందట హోటల్ కాడ లైటు కనపడ్తున్నది. ఆడిదాంక నడుస్త. నువ్వు బండి నూక్కుంట రా."

హోటల్లో పొయ్యి దగ్గర ఒక అవ్వ కూర్చుని ఉన్నది. బిడ్డను చూసింది. తువ్వాలు జరిపి పొట్ట మీద చెయ్యి పెట్టింది. తర్వాత అరికాళ్ళు ముట్టుకున్నది.

"కాళ్ళు మంచుగడ్డలయినయి. పొట్ట ఇంకా వెచ్చగనే ఉన్నది. నయం. రొమ్ముకు హత్తుకో బిడ్డా. నీ ఒంటి వేడే దానికి పొయ్యి" అన్నది.

తల్లి బిడ్డను ఒంటికి ఆనించుకున్నది. అవ్వ తన గొంగడి తెచ్చి ఇద్దరికీ కప్పింది. కొంతసేపటికి బిడ్డ కదిలింది. కళ్ళు తెరిచింది. పాలు తాగింది. తల్లికి ప్రాణం లేచి వచ్చింది.

ఆయన చేతులు పొయ్యి మంట దగ్గర పెట్టబోయాడు.

"ఆగు కొడకా! మొద్దుబారిన చెయ్యికి కాలింది తెల్వది. చంకల పెట్టుకో" అన్నది అవ్వ.

ఆ రోజు ఆయన డ్యూటీకి ఆలస్యంగా పోయాడు. ఒక పూట జీతం పోయింది. బిడ్డ మాత్రం దక్కింది.

చూశారా? చలి అంటే వణుకు ఒక్కటే కాదు. చలి వేస్తే బ్రేకు పట్టలేం. ఇట్లా ఎందుకు అవుతుంది?

గాలి వేడిని ఎత్తుకుపోతుంది

వేడి అన్నం మీద ఉఫ్ అని ఊదితే ఏమవుతుంది? తొందరగా చల్లారుతుంది. ఊదకపోతే నిదానంగా చల్లారుతుంది. అన్నం అదే. ఇంట్లో గాలి అదే. తేడా అంతా ఊదడంలో ఉంది.

మన ఒళ్ళు కూడా వేడి అన్నం లాంటిదే. ఒంటి వేడి ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. చర్మానికి ఆనుకుని పల్చని వెచ్చని గాలి పొర ఉంటుంది. ఊరికే కూర్చుంటే ఆ పొర అట్లనే ఉంటుంది. బండి మీద పోతుంటే ఎదురుగాలి ఆ పొరను తుడిచేస్తుంది. కొత్త పొర తయారు కాకముందే మళ్ళీ తుడిచేస్తుంది. ఒంట్లో వేడి అట్లా పోతూనే ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. డిసెంబరు, జనవరి నెలల్లో మెదక్ జిల్లాలో కొన్ని రోజులు తెల్లవారుజామున చలి 10 డిగ్రీల దగ్గరకు వస్తుంది. ఒక్కోసారి అంతకన్నా కిందికి కూడా దిగుతుంది. పాత మెదక్ జిల్లాలో ఉన్న కోహీర్ చలికి పేరు పడిన చోటు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు అది సంగారెడ్డి జిల్లాలోకి పోయింది.

గాలి లేని చోట 10 డిగ్రీలు ఉందనుకుందాం. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. అప్పుడు బట్ట లేని ముఖానికి, చేతులకు ఇంచుమించు 6 డిగ్రీల చలి తెలుస్తుంది. వేగం 60 అయితే 5 డిగ్రీల చలి తెలుస్తుంది. ఫ్రిజ్ లోపల ఇంచుమించు అంత చల్లగా ఉంటుంది. అంటే ఫ్రిజ్‌లో చేతులు పెట్టి అరగంట కూర్చున్నట్టు!

అందుకే మొదటి మాట ఇది: బండి నిదానంగా నడిపితే చలి తగ్గుతుంది. ప్రమాదమూ తగ్గుతుంది.

చలి ఎప్పుడు ఎక్కువ? ఎక్కడ ఎక్కువ?

పగలంతా నేల ఎండకు వేడెక్కుతుంది. రాత్రంతా ఆ వేడిని వదిలేస్తుంది. అందుకే పొద్దు పొడిచే వేళకు చలి అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. జనవరిలో మన దగ్గర పొద్దు పొడిచేది ఆరు ముప్పావు ప్రాంతంలో. ఎనిమిది గంటలకు బయలుదేరితే చలి విరుగుతుంది. మంచు కూడా విడిపోతుంది. దారి కనబడుతుంది.

చల్లగాలి బరువుగా ఉంటుంది. నీళ్ళలాగే పల్లానికి దిగుతుంది. అందుకే వాగుల దగ్గర, చెరువు కింది పొలాల దగ్గర చలి ఎక్కువ. అక్కడ మంచు కూడా చిక్కగా ఉంటుంది. ఆ చోట్లు వచ్చేముందే వేగం తగ్గించాలి.

బొంత, కోడి నేర్పే పాఠం

చలికాలం పొద్దున కోడిని చూడండి. ఈకలు ఉబ్బించి ముడుచుకుని కూర్చుంటుంది. ఎందుకు? ఈకల నడుమ గాలి నిలుస్తుంది. నిలిచిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు.

మన బొంత కూడా అంతే. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టుకుంటాం. ఒక్కో పొర పల్చనిదే. కానీ పొరల నడుమ గాలి నిలుస్తుంది. అందుకే బొంత వెచ్చగా ఉంటుంది.

బండి మీద కూడా ఒకటే మందపాటి బట్ట కాదు, పొరలు కావాలి.

లోపలి పొర: పొడిగా ఉన్న నూలు బట్ట. చెమటతో తడిస్తే మార్చాలి. తడి బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది.

నడిమి పొర: స్వెటర్ లేదా ఉన్ని బట్ట.

పై పొర: గాలి చొరని బట్ట. వానకోటు అయినా సరే, రెగ్జిన్ జాకెట్ అయినా సరే.

చాలా మంది స్వెటర్ పైన వేసుకుంటారు. అక్కడే తప్పు జరుగుతుంది. స్వెటర్‌లో సందులు ఉంటాయి. గాలి వాటిలోంచి దూరుతుంది. ఇంట్లో కూర్చుంటే స్వెటర్ చాలు. బండి మీద చాలదు. స్వెటర్ మీద వానకోటు వేసుకుంటే రెండూ కలిసి పని చేస్తాయి.

మన గొంగడి సంగతి చెప్పుకోవాలి. దక్కనీ గొర్రెల బొచ్చుతో కురుమలు గొంగడి నేస్తారు. కాపరులు వానలో, చలిలో దాన్నే కప్పుకుంటారు. ఉన్ని కొంచెం తడిసినా వెచ్చగానే ఉంటుంది. ఇది మంచి గుణం. కానీ బండి మీద గొంగడిని వదులుగా కప్పుకోవద్దు. గాలికి లేస్తుంది. చక్రంలో పడుతుంది. దాన్ని ఎట్లా వాడాలో ముందు చదువుతారు.

పేపరు కూడా పనికొస్తుంది. ఫ్రాన్స్ దేశంలో 1903 నుంచి టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ పందెం జరుగుతున్నది. సైకిళ్ళ మీద కొండలు ఎక్కుతారు. చెమట పడుతుంది. దిగేటప్పుడు చలిగాలి కొడుతుంది. అందుకని పందెంవాళ్ళు చొక్కా లోపల పేపర్లు పెట్టుకునేవాళ్ళు. మనమూ అట్లనే చెయ్యవచ్చు. నాలుగు మడతల పేపరు ఛాతీ మీద పెట్టుకుని, పైన స్వెటర్ వేసుకుంటే గాలి ఆగుతుంది.

ముందు ఛాతీ, తర్వాత చేతులు

చలి వేసినప్పుడు మన ఒళ్ళు ఒక ఉపాయం చేస్తుంది. గుండెను, మిగతా లోపలి భాగాలను వెచ్చగా ఉంచాలని చూస్తుంది. అందుకోసం చేతులకు, కాళ్ళకు పోయే నెత్తురును తగ్గిస్తుంది. అప్పుడు వేళ్ళు మొద్దుబారుతాయి. ఆ ఇంటాయనకు అయ్యింది ఇదే.

కాబట్టి ఛాతీ వెచ్చగా ఉంటే చేతులకు కూడా మేలు. చేతులకు తొడుగులు తప్పనిసరి. తొడుగులు బిగుతుగా ఉండొద్దు. బిగిస్తే నెత్తురు ఆడదు. చలి ఇంకా ఎక్కువవుతుంది. మేజోళ్ళు కూడా అంతే. తొడుగులు వేసుకున్నాక బ్రేకు, క్లచ్చు పట్టి చూడాలి. జారకుండా పట్టు దొరికితేనే బయలుదేరాలి.

తలకు హెల్మెట్ పెట్టుకోవాలి. అది తలను కాపాడుతుంది. చెవులకు గాలి తగలనివ్వదు. వెనక కూర్చున్నవాళ్ళకు కూడా హెల్మెట్ ఉండాలని చట్టం చెబుతున్నది. హెల్మెట్ అద్దం మీద ఊపిరి ఆవిరి పడితే దారి కనబడదు. అద్దాన్ని కొంచెం పైకి లేపి ఉంచాలి.

ఖాళీ కడుపుతో బయలుదేరొద్దు. మన ఒళ్ళు తిండి నుంచే వేడి పుట్టిస్తుంది. ఒక జొన్న రొట్టె అయినా తిని పోవాలి.

మందు తాగితే చలి పోతుందని కొందరు అంటారు. అది తప్పు. మందు తాగితే చర్మం దగ్గరికి నెత్తురు ఎక్కువగా వస్తుంది. అందుకే వెచ్చగా అనిపిస్తుంది. నిజానికి లోపలి వేడి బయటికి పోతుంది. ఒళ్ళు ఇంకా చల్లబడుతుంది. తాగి బండి నడపడం ప్రాణానికే ముప్పు.

ఛాతీ పట్టీ మనమే కుట్టుకుందాం

దీనికి డబ్బు ఖర్చు లేదు. ఇంట్లో ఉన్న పాత బట్టలు చాలు.

కావలసినవి: పాత చీర ముక్క, పాత గొంగడి లేదా దుప్పటి ముక్క, పాడైపోయిన గొడుగు బట్ట, నాలుగు నాడాలు.

1. మెడ కింద నుంచి బొడ్డు దాకా పొడవు కొలవాలి. ఒక చంక నుంచి ఇంకో చంక దాకా వెడల్పు కొలవాలి.

2. ఆ కొలతకు మూడు బట్టలూ కత్తిరించాలి.

3. కింద చీర ముక్క, నడుమ గొంగడి ముక్క, పైన గొడుగు బట్ట పెట్టాలి.

4. బొంత కుట్టినట్టు చుట్టూ కుట్టాలి.

5. పైన రెండు నాడాలు మెడకు, కింద రెండు నాడాలు నడుముకు కుట్టాలి.

దీన్ని అంగీ మీద కట్టుకోవాలి. దాని మీద స్వెటర్ వేసుకోవాలి. నాడాలు బయటికి వేలాడకూడదు. ఛాతీ పట్టీ ముందు కూర్చున్నవాళ్ళకు చాలా అవసరం. ఎదురుగాలి ముందు వాళ్ళకే తగులుతుంది. వెనక కూర్చున్నవాళ్ళకు మోకాళ్ళకు, కాళ్ళకు చలి ఎక్కువ. చీర కింద పైజామా వేసుకుంటే మేలు. కాళ్ళకు మేజోళ్ళు ఉండాలి.

కొంగు, శాలువా, చున్నీ కొసలు లోపలికి దోపుకోవాలి. బండి వెనక చక్రానికి పక్కన జాలీ ఉంటుంది. బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలని 1989 నాటి మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. మీ బండికి ఆ జాలీ ఉందా? ఊడదీశారా? ఒకసారి చూడండి.

ఒళ్ళో బిడ్డ ఉంటే

పెద్దవాళ్ళ కన్నా పసిపిల్లల ఒళ్ళు తొందరగా చల్లబడుతుంది. చిన్న చెంబులో నీళ్ళు తొందరగా చల్లారుతాయి. పెద్ద కాగులో నీళ్ళు నిదానంగా చల్లారుతాయి. ఇదీ అంతే. పైగా బిడ్డ చలి అని చెప్పలేదు.

అందుకే పసిబిడ్డను చలి వేళ బండి మీద తీసుకుపోవద్దు. బస్సుకు పోవాలి. బస్సు లేకపోతే ఎండ వచ్చేదాకా ఆగాలి. బిడ్డకు ప్రాణం మీదికి వస్తే 108కి ఫోను చెయ్యాలి. ఈ అంబులెన్సు మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలైంది.

ఇంకో చట్టం కూడా ఉంది. నాలుగేళ్ళలోపు పిల్లలను బండి మీద తీసుకుపోతే, బిడ్డను నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలి. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ నియమం 2023 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది.

బిడ్డను బట్టల్లో చుట్టినప్పుడు ముక్కు, నోరు మూసుకుపోకుండా చూడాలి. ముందు మనిషికీ వెనక మనిషికీ నడుమ బిడ్డ నలిగిపోకూడదు.

బిడ్డకు చలి పట్టిందో లేదో ఎట్లా తెలుస్తుంది? అవ్వ చేసిందే చెయ్యాలి. మన చెయ్యి ముందు రుద్ది వెచ్చగా చేసుకోవాలి. తర్వాత బిడ్డ పొట్ట, అరికాళ్ళు ముట్టి చూడాలి.

పొట్ట, కాళ్ళు రెండూ వెచ్చగా ఉంటే బిడ్డ బాగుంది.

కాళ్ళు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే చలి పడుతున్నది. వెంటనే వెచ్చచెయ్యాలి.

పొట్ట కూడా చల్లగా ఉంటే ప్రమాదం. ఒంటికి హత్తుకుని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఏడ్చే బిడ్డ ఒక్కసారిగా ఊరుకుంటే నిద్ర అనుకోవద్దు. ఆగి ముట్టి చూడాలి.

తల్లి ఒంటి వేడి ఎంత గొప్పదో లోకం కూడా గుర్తించింది. కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో 1978లో డాక్టర్లు ఒక పని మొదలుపెట్టారు. బరువు తక్కువగా పుట్టిన బిడ్డలను తల్లి ఛాతీకి ఆనించి ఉంచారు. కంగారూ అనే జంతువు పిల్లను పొట్ట సంచిలో పెట్టుకుంటుంది. అందుకే దీనికి కంగారూ పద్ధతి అని పేరు. ఇప్పుడు ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో ఈ పద్ధతి ఉంది.

చలి దెబ్బ గుర్తులు

పెద్దవాళ్ళకు కూడా చలి దెబ్బ తగులుతుంది. ముందు వణుకు పుడుతుంది. వేళ్ళు మొద్దుబారుతాయి. గుండీ పెట్టుకోవడం రాదు. తర్వాత మాట తడబడుతుంది. మగతగా ఉంటుంది. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి పోతే ప్రాణానికి ప్రమాదం.

వణుకు మొదలైనప్పుడే బండి ఆపాలి. గాలి తగలని చోటికి పోవాలి. తడి బట్టలు విప్పి పొడి బట్టలు వేసుకోవాలి. చేతులు చంకల్లో పెట్టుకోవాలి. వేడి చాయ తాగాలి. సైలెన్సరు మీద, మంట మీద చేతులు పెట్టొద్దు. మగతగా ఉన్న మనిషికి నోట్లో ఏమీ పొయ్యొద్దు. 108కి ఫోను చెయ్యాలి.

రెండు సార్లు తడితే

పండుగ అయిపోయింది. ఆయన అత్తగారింటికి వచ్చాడు. ఈసారి ఆదివారం వచ్చాడు. ఎండ ఎక్కినాక బయలుదేరదామన్నాడు.

ఆమె సంచిలోంచి ఒక పట్టీ తీసింది. పుట్టింట్లో కూర్చుని తన చేతితో కుట్టింది.

"ఇది కట్టుకో. చేతులకు తొడుగులు కూడ తెచ్చిన" అన్నది.

ఆయన కట్టుకున్నాడు.

"ఇంకో మాట. నేను నీ భుజం మీద రెండుసార్లు తడుత. బండి ఆపాలె. ఎందుకని అడగొద్దు. ముందు ఆపాలె. తర్వాత అడగాలె."

ఆయన ఒక్క నిమిషం ఏమీ అనలేదు. ఆ బర్రె, ఆ కంకర గుర్తొచ్చినట్టున్నాయి.

"సరే. నువ్వు ఆపుమంటె ఆపుత" అన్నాడు.

బిడ్డ బండి మీద రాలేదు. అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని మధ్యాహ్నం బస్సులో వచ్చింది.

అక్కలారా, చెల్లెళ్ళారా! బండి వెనక కూర్చున్నంత మాత్రాన మన మాటకు విలువ లేదని కాదు. చలి ముందుగా తెలిసేది మనకే కావచ్చు. బిడ్డ ఒళ్ళు ముట్టి చూసేది మనమే. "ఆపు" అని చెప్పాల్సిందీ మనమే.

చేసి చూడండి

ఒక స్వెటర్ తీసుకోండి. నోటికి అడ్డం పెట్టి గట్టిగా ఊదండి. అవతల చెయ్యి పెట్టండి. గాలి తగిలిందా? ఇప్పుడు గొడుగు బట్టతో అట్లనే చెయ్యండి. ఏది గాలిని ఆపింది?

మాట్లాడుకుందాం

1. ఊదితే అన్నం ఎందుకు తొందరగా చల్లారుతుంది?

2. ఆయన చేతి బ్రేకు ఎందుకు పట్టలేకపోయాడు?

3. అత్తమ్మ చెప్పిన మాట వింటే ఏం జరిగేది?

4. మీరు ఎప్పుడైనా బండి ఆపమని చెప్పారా? చెప్పలేకపోతే ఎందుకు చెప్పలేకపోయారు?

చదవండి, రాయండి

చలి, గాలి, మంచు, పొర, బొంత, గొంగడి, పట్టీ, తొడుగు, బ్రేకు, భుజం, ఆపు.